ఆ గౌను ఇంకా మన బీరువాలోనే ఉంది

విజయనగరం,
2025 డిసెంబరు 14, ఆదివారం.

అమ్మలూ,

మొన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పిన సంగతే రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. అక్టోబరులో మొంథా తుపాను వచ్చిన రాత్రి, మీ బాపట్ల హాస్టల్లో పక్క గది అమ్మాయిని చూడటానికి వచ్చి బస్సులు లేక చిక్కుకుపోయిన వాళ్ల అమ్మకు నీ మంచం ఇచ్చి, నువ్వు నేల మీద పడుకున్నావట. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే “ఇందులో చెప్పడానికి ఏముంది నాన్నా” అన్నావు. కాసేపు ఆగి, “చిన్నప్పుడు మనం కూడా వానలో ఎవరి ఇంట్లోనో పడుకున్నాం కదా, తేగలు కాల్చిన వాసన గుర్తుంది. లేచేసరికి నా తల దగ్గర ఆవు ఉంది. అది ఎవరి ఇల్లు? ఇంట్లోకి ఆవు ఎందుకు వచ్చింది?” అని అడిగావు. నేను “శ్రీకాకుళం వైపు, ఉద్దానంలోలే” అని మాట మార్చాను.

మార్చవలసింది కాదు. ఆ ఆవు ఇంట్లోకి ఎందుకు వచ్చిందో నాకు బాగా తెలుసు. ఏడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకు కూడా సగమే తెలుసు. ఫోనులో చెప్పబోతే గొంతు పట్టేస్తుంది కనుక కాగితం మీద పెడుతున్నాను.

అది 2018 డిసెంబరు 17, సోమవారం. నీకు పదేళ్లు, తమ్ముడికి అయిదు. బరంపురంలో మీ పెద్దత్త ఇంట్లో శుభకార్యం. ధనుర్మాసం పట్టకముందే ముహూర్తం పెట్టుకున్నారు. అది ముగించుకుని, ఆదివారం అక్కడే ఉండి, సోమవారం భోజనాలయ్యాక మన పాత కారులో బయలుదేరాం. మంగళవారం నేను బడికి వెళ్లాలి. పెథాయ్ తుపాను వస్తోందని పేపర్లన్నీ రాశాయి. అత్తయ్య ఉండిపొమ్మని బతిమాలింది. కాకినాడ వైపు కదా తీరం దాటేది, మనకేం భయం అన్నాను. అన్నట్టే ఆ మధ్యాహ్నం అది తూర్పు గోదావరిలో కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. తుపాను ఎక్కడ దాటుతుందన్నదే చూశాను కానీ దాని వాన ఎంత దూరం పడుతుందో, దాని వెనక చలిగాలి ఎలా వస్తుందో ఆలోచించలేదు. మిమ్మల్ని ఆ దారిన పెట్టింది నా తొందరే.

ఇచ్ఛాపురం దాటేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. జాతీయ రహదారి మీదే వచ్చి ఉంటే ఎలాగో ఇల్లు చేరేవాళ్లం. కానీ నానమ్మ అక్కడ నోరు విప్పింది: “కవిటి మీదుగా పోనియ్యరా. ఒక్కసారి తోట చూసి వచ్చేద్దాం.”

కవిటి దగ్గర ఆమె పుట్టిల్లు. నువ్వు పుట్టకముందే ఆ ఇల్లూ తోటా అమ్మేశారు, అక్కడ మనవాళ్లు ఎవరూ లేరు. అయినా అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. టీవీలో కూలిన కొబ్బరిచెట్లను చూపించినప్పుడల్లా దగ్గరగా వెళ్లి నిలబడేది, ఆ చెట్లలో తమవి ఉన్నాయేమోనని వెతుకుతున్నట్టు. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు పాకిస్థాన్ ఇచ్చింది. సముద్రం చుట్టూ ఉన్న దేశాలు వంతులవారీగా పేర్లు ఇస్తాయని నీకు అప్పట్లోనే చెప్పాను. ఉద్దానంలో ఆ పేరు వింటే ఇప్పటికీ మనుషులు ఒక్క క్షణం మాట ఆపేస్తారు.

ఉద్యానమన్న మాటే ఉద్దానమైందని నానమ్మ చెప్పేది. ఆ రోజు నేను చూసినది ఉద్యానం కాదు. తుపాను పోయి రెండు నెలలు దాటినా చెట్లు పడినవి పడినట్టే ఉన్నాయి. కొబ్బరి మొద్దులన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి పడుకున్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా పెకలించుకుని, ఎర్రమట్టి గడ్డలను పట్టుకుని తిరగబడి ఉన్నాయి. నానమ్మ అద్దం దించి, కొంగు తల మీదికి లాక్కుని, వానలోకి చూస్తూ కూర్చుంది. తోట దగ్గర కారు ఆపాను. నిలబడిన చెట్లను ఆమె వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పదకొండు వచ్చాయి. ఇంకొకసారి లెక్కపెట్టింది. “మనిషి పోతే పన్నెండు రోజులు కర్మ చేస్తాం. ఈ చెట్లకు ఎవరు చేస్తారురా” అని, అద్దం ఎత్తబోయింది. సగం దూరం లేచి అది అక్కడే బిగుసుకుపోయింది. పాత కారు, ఆ అద్దానికి ఆ జబ్బు ముందునుంచీ ఉంది.

అక్కడి నుంచి సోంపేట వైపు పోతూ ఉండగా వాన కుండపోతగా మారింది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఎదురుగా వచ్చిన వ్యానుకు దారి ఇవ్వబోయి కారును అంచుకు తీశాను. తారు పక్కన నేల అంతా నాని ఉంది, ఎడమ చక్రాలు రెండూ కిందికి జారిపోయాయి. ఇంజను ఆగిపోయింది. మళ్లీ ఎంత తిప్పినా అందుకోలేదు. వ్యాను ఆగకుండా వెళ్లిపోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు. సగం తెరిచి ఉన్న అద్దంలోంచి జల్లు లోపలికి కొడుతోంది, అక్కడ మీ అమ్మ తన చీర చెంగు అడ్డం పెట్టి పట్టుకుంది. నీకు పొద్దుటి నుంచే ఒళ్లు వెచ్చగా ఉంది, ఆ చలిలో పళ్లు టకటకలాడటం మొదలైంది. తడిసిన స్వెట్టరు విప్పేస్తే తొడగడానికి పొడి బట్ట ఒక్కటి లేదు. డిక్కీలోకి కూడా నీళ్లు చేరాయి. నానమ్మ నిన్ను ఒడిలోకి లాక్కుని అరిచేతులు రుద్దుతూ కూర్చుంది.

మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చారు. వేగం తగ్గించి, లోపలికి తొంగి చూసి, “ముందు ఊళ్లో చెబుతాం” అని అరిచి వెళ్లిపోయారు. నేను నమ్మలేదు. ఇలాంటి వానలో ఎవరు చెబుతారు, ఎవరు వస్తారు అనుకున్నాను. వాళ్ల ముఖాలు చూడలేదు, ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపట్టలేను. కానీ వాళ్లు చెప్పారు. అరగంట గడిచాక దూరంగా ఒక టార్చిలైటు వెలుగు ఊగుతూ మన వైపు వచ్చింది.

అరవై దాటిన మనిషి. యూరియా సంచిని ఒక మూలలోకి మడిచి తలకు ముసుగులా తొడుక్కున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. మీ పేరేమిటి, ఎక్కడి నుంచి వస్తున్నారు అని ఏమీ అడగలేదు. తలుపు తెరిచి, నీ నుదుటి మీద వెనక చేయి పెట్టి చూసి, “పాపకు ఒళ్లు కాలిపోతోంది. ఇల్లు దగ్గరే, పదండి బాబూ. కారు ఎక్కడికీ పోదు” అన్నాడు. ఆ సంచిని తన తల మీద నుంచి తీసి నీ తలకు తొడిగి, నిన్ను భుజాన వేసుకుని ముందు నడిచాడు. మీ అమ్మ నానమ్మ చేయి పట్టుకుంది. నేను తమ్ముణ్ణి ఎత్తుకుని, మరో చేత్తో నల్ల సంచి తీసుకున్నాను. శుభకార్యానికి పెట్టుకున్న మీ అమ్మ నగలు అందులో ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి చెబుతాను. నీకు గుర్తున్నది ఆ ఇంట్లో నూరో వంతు కూడా కాదు.

మూడు గదుల పెంకుటిల్లు. తిత్లీకి రెండు గదుల పెంకులు ఎగిరిపోతే వాటి మీద నీలం టార్పాలిన్లు కట్టుకున్నారు, గాలికి అవి డప్పుల్లా మోగుతున్నాయి. నీళ్లు కారని గది ఒక్కటే మిగిలింది. ఆ గదిలో ఆయన తమ్ముడు మంచం మీద ఉన్నాడు. మేము గుమ్మంలోకి రాగానే ఆ మనిషి లేచి, తన దుప్పటి తనే మడిచి, మంచం మోసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాడు. వెళ్లమని ఎవరూ చెప్పలేదు.

పెద్దమ్మ, అంటే మనల్ని తీసుకువచ్చిన పెద్దాయన భార్య, నిన్ను చూస్తూనే ఇనుప పెట్టె తెరిచింది. అడుగున కాగితంలో చుట్టిన గౌను తీసింది. ఆకుపచ్చ రంగు, అంచుకు పసుపు పువ్వులు, మెడ దగ్గర కొట్టువాళ్లు గుచ్చిన గుండుసూది ఇంకా అలాగే ఉంది. సంక్రాంతికి తన మనవరాలి కోసం సోంపేటలో కొని దాచిన గౌను అది. ఆ ఏడు ఆ ఇంట్లో పండుగకు కొన్నది బహుశా అదొక్కటే. ఆ పిల్ల నీ ఈడుదే, తలుపు పట్టుకుని నిలబడి చూస్తోంది. పెద్దమ్మ సూది తీసి తన రవికకు గుచ్చుకుని, నీ ఒళ్లు తుడిచి, ఆ గౌను నీకు తొడిగింది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఏడవలేదు, అలగలేదు. గౌను నీకు సరిపోతుందా లేదా అని మాత్రమే చూసింది. సరిపోయాక లోపలికి పోయి దువ్వెన తెచ్చింది.

కుంపటిలో కొబ్బరి డొక్కలు వేసి మంట పెట్టారు. పెద్దాయన తాటి తేగలు తెచ్చి ఆ నిప్పుల్లో దూర్చాడు. పైతొక్క నల్లబడి చిట్లుతుంటే వచ్చే ఆ తియ్యటి కమురు వాసనే నీకు గుర్తున్నది. ఒక తేగను చీల్చి, లోపలి సన్నని చందమామను తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. వాడు అంతవరకు ఏడుస్తూనే ఉన్నాడు, అది నోట్లో పడ్డాక ఆపాడు. నీకు పెద్దమ్మ వేడి చోడి అంబలి తాగించింది. నువ్వు నీళ్లు అడిగితే ఆ మనవరాలు కుండలోంచి ముంచబోయింది. పెద్దమ్మ ఆపింది. మూలన ఉన్న నీళ్ల క్యాను వంచి గ్లాసులో పోసి ఇచ్చింది.

ఆ క్యాను విషయం నాకు భోజనాల దగ్గర తెలిసింది. పెద్దమ్మ పొయ్యి మీద రెండు గిన్నెల్లో కూర వండింది. ఒకదాంట్లో ఉప్పు లేదు. అది పెద్దాయన తమ్ముడికి. ఆయనకు కిడ్నీలు చెడిపోయి ఏడాదిన్నర అయిందట, వారానికి రెండుసార్లు సోంపేట ఆసుపత్రికి వెళ్లి డయాలిసిస్ చేయించుకోవాలి. ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయని పేపర్లో చదివాను, పిల్లలకు పాఠంలో కూడా చెప్పాను. కంచం ముందు కూర్చుని వినడం వేరు. “నీళ్ల వల్ల అని కొందరు, మట్టి వల్ల అని కొందరు, నొప్పి బిళ్లల వల్ల అని కొందరు. ఇదీ అని ఎవరూ తేల్చలేదు. అందుకే వీడికి మాత్రం క్యాను నీళ్లు కొంటున్నాం” అన్నాడు పెద్దాయన. ఇంటిల్లిపాదీ కుండ నీళ్లు తాగుతూ, రోగి ఒక్కడి కోసం కొనుక్కుంటున్న నీళ్లు అవి. ఆ రాత్రి మీ ఇద్దరూ తాగింది ఆ నీళ్లే. నానమ్మ తనకు రక్తపోటు ఉందని చెప్పి, ఉప్పు లేని కూర వేయించుకుని ఆ తమ్ముడి పక్కనే కూర్చుని తిన్నది. ఆమెకు రక్తపోటు ఉన్న మాట నిజమే కానీ ఇంట్లో ఒక్క పూట కూడా ఉప్పు తగ్గించినది కాదు.

తింటూ తింటూ తన పుట్టిల్లు ఎక్కడో చెప్పింది. పెద్దమ్మ గరిటె కింద పెట్టేసింది. “ముందే చెప్పకూడదా వదినా! మీరు మా ప్రాంతం ఆడపడుచు” అంది. అంతే, అప్పటి నుంచి వాళ్లిద్దరూ వదినలే. ఏ తోట ఎవరిది, ఏ బావి ఎప్పుడు పూడింది, ఎవరి పిల్లను ఎక్కడ ఇచ్చారు అని అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం నుంచి బిగుసుకుని ఉన్న నానమ్మ ముఖం అప్పుడే వదులైంది. చెట్లు పోయిన బాధ ఆమె మాతో చెప్పుకోలేకపోయింది. అవే చెట్లు పోగొట్టుకున్న మనిషితో చెప్పుకుంది.

పొడి గది మనకు ఇచ్చి, వాళ్లందరూ టార్పాలిన్ల కింద సర్దుకున్నారు. నేను నగల సంచి తల కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇక్కడి నుంచి నేను ఇంతవరకు చెప్పని భాగం.

రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వచ్చింది. వాన కొంచెం తగ్గింది, గాలి తగ్గలేదు. చూస్తే పెద్దాయన పడుకున్న చోట ఆయన లేడు. గుమ్మంలోకి వచ్చాను. దూరంగా రోడ్డు మీద, మన కారు దగ్గర, టార్చి వెలుగు కదులుతోంది. “కారు ఎక్కడికీ పోదు” అన్న మాట చెవిలో మోగింది. కారు కాగితాలు, మీ అమ్మ పట్టుచీరలు, కొంత డబ్బు అందులోనే వదిలేశాను. ఏమనుకున్నానో నీకు విడమరచి రాయనక్కరలేదు. ఆ ఇంటి కూర తిని, ఆ ఇంటి దుప్పటి కప్పుకున్నవాణ్ణి. బురదలో పరుగెత్తుతూ అరిచాను.

“ఏయ్! ఎవడురా అక్కడ? ఏం చేస్తున్నావ్?”

అవే మాటలు. ముప్పయ్యేళ్లుగా తెలుగు చెబుతున్నవాణ్ణి. పెద్దవాళ్లను ఏకవచనంతో పిలిచిన పిల్లలను నిలబెట్టి సరిదిద్దినవాణ్ణి. సాయంత్రం నుంచి ఆయన నన్ను “మీరు” తప్ప మరో మాట అనలేదు. నేను మాస్టారునని నానమ్మ చెప్పాక “మాస్టారూ” అంటున్నాడు.

వెలుగు ఆగింది. నా వైపు తిరిగి, ఒక్క క్షణం నా ముఖం మీద పడి, కిందికి దిగి నా కాళ్ల ముందు నేల మీద నిలిచింది.

“అక్కడ గొయ్యి ఉంది మాస్టారూ. కుడి పక్కగా రండి.”

నా అడుగుకు జానెడు దూరంలో నీళ్లు నిండిన గొయ్యి. ఆయన ఆ వెలుగు పట్టుకుని ఉంటే, దాని మీదుగా నడిచి కారు దగ్గరికి వెళ్లాను. బిగుసుకుపోయిన ఆ అద్దం మీద టార్పాలిన్ పరిచి, కొబ్బరి తాడుతో కట్టబోతున్నాడు. అప్పటికే చక్రాల వెనక రాళ్లు పేర్చాడు. వరద ఇసుకను కోసుకుపోతోందట, తెల్లారేసరికి కారు ఇంకా కిందికి దిగిపోతుందేమోనని. తాడు ముడి వేయబోతే చలికి ఆయన వేళ్లు వంగడం లేదు. రెండో కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి కట్టాం. ఆ పది నిమిషాల్లో నా నోట క్షమించమన్న మాట రాలేదు. రావాలని ఉంది, గొంతు దాటలేదు.

తిరిగి వస్తూ ఆయనే మాట్లాడాడు. “చీకట్లో ఎవరైనా అరుస్తారు. తిత్లీ రాత్రి నా సొంత తమ్ముడు లోపలికి వస్తే నేనూ అలాగే అరిచాను.” కొంచెం దూరం నడిచాక గాలిలోకి చూసి, “దీనికి అంత బలం లేదులెండి, పొద్దుటికి తగ్గిపోతుంది” అన్నాడు.

ఇంటి ముందు పశువుల పాక మీద కప్పు లేదు. దాని మీది టార్పాలినే మన కారు మీద ఉంది. ఆవునూ దూడనూ అప్పటికే విప్పి తెచ్చి, నీళ్లు కారని మన గదిలో, గుమ్మం లోపలి పక్కన కట్టేసి వెళ్లాడు. నేను పరుగెత్తుతూ వాటిని దాటుకుని కూడా గమనించలేదు. నువ్వు లేచేసరికి నీ తల దగ్గర ఉన్నది ఆ ఆవే. ఇంట్లోకి ఎందుకు వచ్చిందని అడిగావు కదా, ఇందుకు.

తెల్లవారితే ముక్కోటి ఏకాదశి. నాలుగు గంటలకే పెద్దమ్మ ఆ చలిలో చన్నీళ్ల స్నానం చేసి దీపం పెట్టింది. ఆమెకు ఆ రోజంతా ఉపవాసం, అయినా మనకు ఉప్మా చేసి పెట్టింది. నీకు జ్వరం దిగింది. ఎనిమిదింటికి ఊరివాళ్లు ఏడెనిమిది మంది, ఒక ట్రాక్టరు వచ్చారు. తిత్లీకి పడిన కొబ్బరి మొద్దులను నిలువునా చీల్చి ఉంచినవి తెచ్చి చక్రాల కింద పరిచారు. వాటి మీదుగా కారు పైకి వచ్చింది. ఎవరో సైకిలు మీద వెళ్లి మెకానిక్కును తీసుకువచ్చారు. అందరూ వచ్చినట్టే వెళ్లిపోయారు, వాళ్లవి వాళ్లకు ఉన్నాయి. వరి పనలన్నీ పొలాల్లో తడిసి ఉన్నాయి, వాటిని తిరగేసుకోవాలి.

రెండు వేల రూపాయల నోటు పెద్దాయన చేతిలో పెట్టబోయాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పెద్దమ్మకు ఇవ్వమని మీ అమ్మకు సైగ చేశాను. “ఏకాదశి పూట పెట్టిన తిండికి డబ్బు పుచ్చుకుంటే నా ఉపవాసం ఏమైపోవాలమ్మా” అంది ఆమె. ఆ తర్వాత గొంతు తగ్గించి, చాలా పెద్ద సాయం అడుగుతున్నట్టు అడిగింది: మంగళవారం తమ్ముడి డయాలిసిస్ రోజు, బస్సులు నడవడం లేదు, వెళ్లే దారే కనుక సోంపేటలో దింపుతారా అని.

ఆ ఇంటివాళ్లు మనల్ని అడిగింది అదొక్కటే.

ఆయన ముందు సీటులో కూర్చున్నాడు. ఒడిలో గుడ్డసంచి, దాంట్లో ఆసుపత్రి ఫైలు, ఉప్పు లేని అన్నం డబ్బా. నీ తమ్ముడు వెనక నుంచి తొంగి చూసి, ఆయన ఎడమ ముంజేతి మీద ఉబ్బిన నరం ఏమిటని అడిగాడు. మీ అమ్మ వాణ్ణి కసిరింది. ఆయన మాత్రం చేయి వెనక్కి చాపి, “వేలు పెట్టి చూడు బాబూ” అన్నాడు. వాడు పెట్టి, ఉలిక్కిపడి తీసి, మళ్లీ పెట్టాడు. “నాన్నా, లోపల తేనెటీగ ఉంది!” అన్నాడు. ఆయన నవ్వాడు. రాత్రి నుంచి ఆయన నవ్వగా చూసింది అప్పుడే. ఆసుపత్రి మెట్ల దగ్గర దిగి, తలుపు నెమ్మదిగా మూసి, గాజులోంచి నీకు చేయి ఊపాడు.

బయలుదేరే ముందు సంగతి ఒకటి మరిచిపోయాను. పెద్దమ్మ మీ అమ్మకు బొట్టు పెట్టింది. నానమ్మ కొంగు పట్టుకుని రెండు కొబ్బరికాయలు వేసింది. నిలబడి మిగిలిన చెట్లవి. “పుట్టింటి నుంచి ఉత్త చేతులతో వెళ్లకూడదు వదినా” అంది. నానమ్మ ఆ కాయలను విజయనగరం దాకా ఒడిలోనే పెట్టుకుంది, ఎక్కడా కింద పెట్టలేదు. ఒకటి కొట్టి దేవుడికి నైవేద్యం పెట్టింది. రెండోది మొలక వచ్చేదాకా ఉంచి పెరట్లో నాటించింది. నూతి పక్కన ఉన్న చెట్టు అదే. ఈ ఏడే మొదటిసారి పొత్తు వేసింది, ఫొటో పంపితే నువ్వు అది పూత దశా పిందె దశా అని ఏదో వివరించావు.

ఇక నువ్వు అడగబోయేది నాకు తెలుసు. మళ్లీ ఎందుకు వెళ్లలేదు?

గౌను ఉతికి, ఇస్త్రీ చేసి, దానితో పాటు ఆ పిల్లకు మరో జత కొని పంపాలని మీ అమ్మ ఆ సంక్రాంతికే అంది. నేను స్వయంగా వెళతానన్నాను. బరంపురం వెళ్లిన ప్రతిసారీ కంచిలి దగ్గర కవిటి దారి చూసి వేగం తగ్గించాను. ఒకసారి మలుపు కూడా తిరిగాను. కానీ ఆయన ముందు నిలబడి ఏం మాట్లాడాలి? ఆయన ఆ రాత్రిని మరిచిపోయి ఉంటే నేను గుర్తుచేయాలి. మరిచిపోకపోతే మళ్లీ “చీకట్లో ఎవరైనా అరుస్తారు” అంటాడు. ఆ రెండోదానికే నాకు ఎక్కువ భయం. కారు వెనక్కి తిప్పేశాను. ఆ తర్వాత కరోనా వచ్చింది. 2021లో నానమ్మ పోయింది. పోయే వారం ముందు కూడా “మా వదినకు గౌను ఇచ్చి వచ్చావా” అని అడిగింది. ఇస్తానమ్మా అన్నాను.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైందని, హిరమండలం నుంచి ఉద్దానానికి వంశధార నీళ్లు తెస్తున్నారని పేపర్లో చదివినప్పుడు నా కళ్లు ఆ ఫొటోల్లో ఆ తమ్ముడి ముఖం కోసం వెతికాయి, నానమ్మ టీవీలో చెట్లను వెతికినట్టు. ఆ ఇంటికి ఆ నీళ్లు చేరాయో లేదో, వాటిని తాగడానికి ఆయన ఉన్నాడో లేదో కూడా కనుక్కోని మనిషిని నేను.

నీ మంచం ఆవిడకు ఇవ్వాలని నీకు ఎవరూ చెప్పలేదు. ఆ తమ్ముడికీ తన మంచం ఎత్తుకుని వెళ్లమని ఎవరూ చెప్పలేదు. నువ్వు ఫోనులో చెబుతుంటే నాకు ఆయన దుప్పటి మడుస్తున్న దృశ్యమే కనిపించింది. ఇక ఆలస్యం చేయలేను.

నువ్వు ఫోను పెట్టేశాక మీ అమ్మ బీరువా తెరిచింది. గౌను చీరల కింద భద్రంగా ఉంది. ఆకుపచ్చ వెలవలేదు. ఆ పిల్ల నీ ఈడుది కదా, ఇప్పుడు ఎక్కడ చదువుతోందో, ఏం చేస్తోందో. దానికి ఆ గౌను చూపించాలి, కానీ గౌను ఒక్కటే పట్టుకుని వెళ్లడం బాగుండదు. ఈ వయసు ఆడపిల్లకు ఏం నచ్చుతుందో నాకు తెలియదు. బాపట్లలో నువ్వే చూసి, నీకు కొనుక్కున్నట్టు కొను, డబ్బు పంపుతున్నాను. పెద్దమ్మకు చీర మీ అమ్మ తీసింది. నూతి దగ్గరి చెట్టు కాయలు ఇంకా ముదరలేదు, రెండు లేత బొండాలైనా కోయిస్తాను.

సంక్రాంతి సెలవులు ఇవ్వగానే ఒక్క రోజు కూడా ఆగకుండా వచ్చేయి. పండుగకు ముందే వెళదాం. పెద్దాయనతో చెప్పవలసిన మాట నాది, అది నేనే చెబుతాను. నువ్వు పక్కన ఉంటే చాలు.

మందపాటి స్వెట్టరు తెచ్చుకో. ఉద్దానంలో పొద్దుటి పూట చలి ఎక్కువ.

నాన్న